హబ్ కట్టర్, సూదుల డబ్బా, పసుపు సంచులు, చెత్త బండి: ఇరవై పడకల ఆస్పత్రిలో ఏడాది వాడాక

నేను దేవరకొండ వైపు ఒక ఇరవై పడకల ప్రైవేటు ఆస్పత్రిలో ఇన్‌చార్జి సిస్టర్‌ని. ఈ పనిలోకి వచ్చి పదిహేడేళ్లయింది. మా దగ్గర కాన్పులు, గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ. వానలు పడ్డాయంటే జ్వరాలతో వార్డు నిండిపోతుంది. డిండి, చందంపేట వైపు తండాల నుంచి కూడా వస్తారు. కిందటి వేసవి నుంచి మా ఆస్పత్రి చెత్త కోసం కొన్న ప్రతి సామానూ నా సంతకంతోనే వచ్చింది. సూదులు కోసే కట్టర్లు, తెల్ల డబ్బాలు, కాలితో తొక్కే బుట్టలు, రంగు సంచులు, ఆయమ్మల గ్లౌజులు, అన్నీ. రెండు రోజులకోసారి వచ్చే చెత్త బండి లెక్క కూడా నేనే రాస్తాను. ఏది పనికొచ్చిందో, దేని మీద డబ్బు పోయిందో చెప్తే మాలాంటి చిన్న ఆస్పత్రుల వాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. కంపెనీల పేర్లు, బండి పంపే సంస్థ పేరు రాయడం లేదు. ఇవే సామాన్లు ఊరికో పేరుతో దొరుకుతాయి, చూసుకోవాల్సింది వాటి తయారీ.

అన్నిటినీ నేను ఒకే లెక్కన చూశాను. షిఫ్టు అయిపోయాక సంచి మూతి పట్టుకుని ముడి వేసేది మా ఆయమ్మ. ఆ ముడి వేసేటప్పుడు ఆమె చేతికి ఏమీ కాకూడదు.

ఇలా చూడటం నాకు మొదటి నుంచీ అలవాటు లేదు. కిందటి ఏప్రిల్‌లో ఒక రోజు, మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, ఆయమ్మ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. కుడిచేతి చూపుడు వేలు కొంగులో చుట్టుకుంది. ఏమైందని అడిగితే, "ఏం లేదు సిస్టరమ్మా, జర ముల్లు గుచ్చినట్టయింది గంతే" అంది. కొంగు విప్పితే బియ్యపు గింజంత రక్తం. లేబర్ రూంలోని పసుపు సంచికి ముడి వేస్తుంటే పల్చటి గ్లౌజులోంచి దిగిందట. పట్టకారుతో ఆ సంచిలో వెతికాను. తడిసిన దూది మధ్యలో నీలం రెక్కల బట్టర్‌ఫ్లై సూది, గొట్టంతో సహా ఉంది. దూది ఉండాల్సిన సంచిలో సూది. ఎవరో హడావిడిలో పడేశారు. ఆ షిఫ్టులో ఉన్నది నా పిల్లలే, నేను నేర్పించిన సిస్టర్లే.

వేలు గుచ్చుకోగానే ఆమె నోట్లో పెట్టుకుందట. ఇంట్లో సూది గుచ్చుకుంటే అందరం చేసే పనే కదా. అలా చేయకూడదని ఆమెకు ఎవరం చెప్పలేదు. వేలిని పిండకుండా, స్పిరిట్ పోయకుండా, కుళాయి కింద సబ్బుతో కడిగించాను. డాక్టరమ్మ వెంటనే కారిచ్చి నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రికి పంపింది. హెచ్ఐవీ రాకుండా వేసే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే చాలా మంచిది, 72 గంటలు దాటితే ఇక లాభం లేదు. ఆ సూది ఎవరిదో తేలలేదు కాబట్టి 28 రోజుల మందూ వేసుకోవాల్సి వచ్చింది. పొద్దున మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పేది. ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. సెలవు తీసుకోమంటే, ఇంట్లో కూర్చుంటే అదే యాదికొస్తుందని పనికి వచ్చింది.

అసలు తప్పు ఇంకొకటి ఉంది, అది మాది. సిస్టర్లందరికీ హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించాం. ఇద్దరు ఆయమ్మలకు వేయించలేదు. చెత్తను ముట్టుకునే ప్రతి మనిషికీ ఆ టీకా, ధనుర్వాతం టీకా వేయించాలని 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. మన భయమంతా హెచ్ఐవీ మీదే ఉంటుంది. హెచ్ఐవీ ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే అంటుకునేది వెయ్యి మందిలో దాదాపు ముగ్గురికి. హెపటైటిస్-బి అయితే, టీకా లేనివాళ్లలో, వంద మందిలో ముప్పై మంది దాకా. ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. అదే రోజు ఇద్దరికీ మొదటి డోసు వేయించాం. నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది అయిపోయాయి. ఆరు వారాలకు, మూడు నెలలకు చేసిన రక్త పరీక్షలు కూడా బాగానే వచ్చాయి. ఆ మూడు నెలలూ ఆమె టెన్షన్ ఎంతో నాకు తెలుసు. రిపోర్టు వచ్చే రోజు నాకూ అన్నం సహించలేదు.

ఇక సామాన్ల సంగతి. అంతకుముందు మా దగ్గర కరెంటుతో సూదిని కాల్చే మెషీన్ ఉండేది. రెండు వేలకు పైన పెట్టి కొన్నాం. సూదిని రెండు తీగల మధ్య పెడితే నిప్పురవ్వలు లేచి ఎర్రగా మారి కరిగిపోతుంది. చూడటానికి గట్టి ఏర్పాటులాగే ఉంటుంది. కానీ సూది మొత్తం కరగదు, ప్లాస్టిక్ దగ్గర చిన్న మొన మిగులుతుంది, అది కూడా గుచ్చుకుంటుంది. వాసన, పొగ వస్తాయి. ఆక్సిజన్ పెట్టిన పేషెంట్ పక్కన వాడకూడదు. కరెంటు పోతే అసలే పనిచేయదు. వీటన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, దాన్ని ప్లగ్గు ఉన్నచోటే పెట్టాలి. మా ఇంజెక్షన్ రూంలో గోడకు ఉండేది. వార్డులో చివరి మంచం నుంచి అక్కడికి ఇరవై రెండు అడుగులు, నేను నడిచి లెక్కపెట్టాను. విప్పిన సూదితో అంత దూరం ఎవరు నడుస్తారు? అందుకని సిస్టర్లు మళ్లీ మూత పెట్టేవాళ్లు. సూదికి మూత పెట్టేటప్పుడే మన చేతికి ఎక్కువగా గుచ్చుకుంటుంది. మూత పెట్టిన సూది ట్రేలో ఉండిపోయేది, ట్రేలోంచి దూదితో పాటు పసుపు బుట్టలోకి పోయేది. నా లెక్కన ఆ ప్లగ్గు దగ్గర మొదలైన సంగతే ఆయమ్మ వేలి దాకా వచ్చింది. ఆ మెషీన్ ఎవరూ కొనవద్దని నా మాట. మాది మూలన పెట్టేశాం.

దాని బదులు చేతితో నొక్కే హబ్ కట్టర్లు మూడు తెప్పించాం. ఒక్కొక్కటి ఆరు వందల లోపే పడింది. అరచేతిలో పట్టేంత డబ్బా, పైన చిన్న రంధ్రం, పక్కన పిడి. ఇంజెక్షన్ చేయగానే సిరంజిని నిలువుగా ఆ రంధ్రంలో దించి పిడి నొక్కితే టక్కుమని శబ్దం వస్తుంది. సూది, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ మొదలుతో సహా తెగి డబ్బాలో పడుతుంది. చేతిలో మిగిలేది మూతి తెగిన సిరంజి. దాంతో మళ్లీ ఎవరికీ ఇంజెక్షన్ చేయలేరు, అది ప్లాస్టిక్ చెత్తకు పెట్టిన ఎర్ర సంచికి పోతుంది. కరెంటు అక్కర్లేదు. మందుల ట్రాలీ మీదే పెట్టుకుని మంచం మంచానికీ తీసుకెళ్తాం. ఇరవై రెండు అడుగులు ఒక మూరెడుకు తగ్గాయి. ఇప్పుడు మా వార్డులో సూదికి తిరిగి మూత పెట్టే సిస్టర్ లేదు, పెట్టే అవసరమే లేదు. మొదటి వారం ఒక కొత్త పిల్ల అలవాటు కొద్దీ పెట్టబోయింది, పక్కనున్న ఆమే చేయి పట్టుకుని ఆపింది.

కొనేటప్పుడు రెండు చూసుకోండి. బ్లేడు స్టీలుదై ఉండాలి, విడిగా మార్చుకునే వీలుండాలి. మా మూడింటిలో ఒకటి ఎనిమిదో నెలకే మొద్దుబారింది. తెగకుండా నలుగుతుంది, అప్పుడు సిస్టర్ ఇంకా గట్టిగా నొక్కుతుంది, సిరంజిలో మిగిలిన చుక్క పైకి చిమ్ముతుంది. ఒకసారి నా ముంజేతి మీద పడింది. అమ్మిన షాపు వాళ్లు బ్లేడు విడిగా రాదు, కొత్తదే కొనాలన్నారు. మిగతా రెండూ వేరే రకం, వాటికి బ్లేడు దొరుకుతోంది. రెండోది, డబ్బా లోపల సూదులు ఎంత నిండాయో బయటికి కనపడాలి. నల్లటి డబ్బా అయితే అందాజుతో నడవాలి.

హబ్ కట్టర్ ఉంటే అన్నీ అయిపోయాయి అనుకోవద్దు. అందులో పట్టనివి చాలా ఉన్నాయి. ఇన్సులిన్ సిరంజికి సూది అతికే ఉంటుంది. కుట్లు వేసే సూది, వెన్నులో మత్తు ఇచ్చే పొడుగు సూది, సెలైన్ ఎక్కించే క్యాన్యులా లోపలి సూది, షుగర్ చూసే లాన్సెట్, బ్లేడు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ బట్టర్‌ఫ్లై సూది, ఇవేవీ కట్టర్‌లోకి పోవు. వీటన్నిటికీ తెల్ల డబ్బా కావాలి. నిబంధనల్లో నాలుగు రంగులున్నాయి, సూదులు, బ్లేడ్లలాంటి వాడి వస్తువులకు ఇచ్చినది తెలుపు. అది సూది గుచ్చినా చిల్లు పడకుండా, కారకుండా, మూత బిగిస్తే మళ్లీ తెరుచుకోకుండా ఉండాలి.

మేం మొదట తెప్పించిన తెల్ల డబ్బాలు చవకవి. చూడటానికి బాగున్నాయి, బయోహజార్డ్ గుర్తు కూడా ఉంది. ఒకరోజు డబ్బాను పక్కకు జరుపుతుంటే వేలికి గరుకుగా తగిలింది. వెలుతురులో పెట్టి చూస్తే అడుగున మూలలో సూదిమొన గోరంత బయటికి వచ్చి ఉంది. అప్పటి నుంచి ఏ డబ్బా వచ్చినా నేనే పరీక్షిస్తాను. కొత్త పద్దెనిమిదో నంబరు సూదిని ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టుకుని డబ్బా గోడకు, అడుగుకు, మూలకు మూడుచోట్ల గట్టిగా పొడుస్తాను. మూలలో పల్చగా ఉంటుంది, ముందు అక్కడే దిగుతుంది. నొక్కు పడితే పరవాలేదు, మొన అవతలికి కనపడితే ఆ సరుకు మొత్తం వెనక్కి. రెండుసార్లు వెనక్కి పంపాం. మూడోసారి వచ్చినవి నిలబడ్డాయి, వాటినే వాడుతున్నాం. అమ్మేవాళ్ల ముందే ఇలా పొడిచి చూడండి, ఏమీ అనుకోరు.

డబ్బా నిండేదాకా ఆగకూడదు, ముప్పావు దగ్గర మూత బిగించేయాలి. డబ్బా మీద గీత లేకపోతే మార్కర్‌తో మీరే గీయండి. నిండిన డబ్బాలో ఇంకొక్కటి పడుతుందిలే అని వేలితో అదిమే చేతులు నేను చూశాను.

కాలితో తొక్కే బుట్టల గురించి చెప్పేది కొంచెమే. స్ప్రింగు ఉన్నవి ఆరు నెలలకు పోయాయి, ఇనుప కడ్డీ ఉన్నవి ఇంకా పనిచేస్తున్నాయి. పెడల్ పోగానే మూతను చేత్తో ఎత్తుతారు, అప్పుడు ఆ బుట్ట ఉన్నా లేనట్టే. ధర ఎక్కువైనా కడ్డీవే తీసుకోండి.

రంగుల దగ్గర మాకు వచ్చిన చిక్కు వేరే. ఆస్పత్రి నీలం వేరు, ఊరి నీలం వేరు. ఇంటి ముందుకు వచ్చే మున్సిపాలిటీ ఆటోలో ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు. జనానికి అదే అలవాటు. మా దగ్గర నీలం అంటే గాజు: పగిలిన యాంపుళ్లు (మూతి విరిచి ఇంజెక్షన్ మందు తీసే చిన్న గాజు బుడ్లు), మందు సీసాలు. వార్డులో నీలం బుట్ట పెడితే పేషెంట్ వెంట వచ్చినవాళ్లు నీళ్ల బాటిళ్లు, బిస్కెట్ కవర్లు, పాత పేపర్లు అందులోనే వేసేవాళ్లు. వాళ్లది తప్పు కాదు, ఇంట్లో నేర్చుకున్నది ఇక్కడ చక్కగా పాటిస్తున్నారు. వాటిని ఏరడానికి ఆయమ్మ పగిలిన గాజులో చేయి పెట్టాల్సి వచ్చేది. అందుకని నీలం డబ్బాను వార్డులోంచి తీసి ఇంజెక్షన్ రూంలో పెట్టాం. యాంపుల్ విరిచేది అక్కడే కాబట్టి సిస్టర్లకు ఇబ్బంది లేదు. వార్డులో ప్రతి రెండు మంచాలకు మామూలు చెత్తకు ఒక పెద్ద బుట్ట పెట్టాం. అన్నం, పండ్ల తొక్కలు, టీ కప్పులు అందులోకి పోతాయి. ఆస్పత్రి చెత్తలో దాదాపు 85 శాతం ఇలాంటి మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంతకుముందు మాకు పసుపు సంచులు రోజుకు మూడు అయ్యేవి, ఇప్పుడు రెండుకు మించడం లేదు. ఇడ్లీ పొట్లం రక్తపు దూదిలో పడితే అది కూడా పసుపు చెత్తే అయిపోతుంది కదా.

గోడ మీద అంటించమని వచ్చిన పోస్టర్లలో అక్షరాలు చాలా ఉన్నాయి. మా ఆయమ్మకు చదువు రాదు. ఒక ఆదివారం కూర్చుని నాలుగు అట్టముక్కల మీద అసలు వస్తువులే కుట్టాను. అన్నీ వాడనివే. పసుపు అట్ట మీద దూది ఉండ, కట్టు గుడ్డ, పిండికట్టు ముక్క. ఎర్ర అట్ట మీద సెలైన్ గొట్టం, గ్లౌజు, మూత్రపు సంచి మూత, సూది లేని సిరంజి. నీలం మీద మూతి విరవని యాంపుల్. తెల్లదాని మీద మాత్రం మూత ఉన్న బట్టర్‌ఫ్లై సూది ఒక్కటే. ఏ బుట్ట మీద ఏ అట్ట ఉండాలో ఆయమ్మనే తగిలించమన్నాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు. దీనికి పైసా ఖర్చు కాలేదు, కొన్న వాటన్నిటికన్నా ఇదే బాగా పనిచేసింది అనిపిస్తుంది నాకు.

సంచుల విషయంలో బేరం ఆడొద్దు. క్లోరిన్ లేని ప్లాస్టిక్‌వే కొనాలి. పసుపు సంచి చివరికి కొలిమిలోకి పోతుంది, క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, ఆస్పత్రి వెనక గుంతలో అన్నీ కలిపి కిరోసిన్ పోసి కాల్చేవారు. ఆ పొగ పక్క వీధిలో ఆరేసిన బట్టలకు పట్టేది. ఇప్పుడు బండి తీసుకెళ్లే చోట కొలిమికి రెండు గదులుంటాయి. మొదటి దాంట్లో కనీసం 800 డిగ్రీలు, రెండో దాంట్లో 1050 డిగ్రీలు ఉండాలి, పొగ అక్కడ రెండు సెకన్లయినా ఉండి పూర్తిగా కాలిపోవాలి. కిరోసిన్ మంటలో అది ఎక్కడ సాధ్యం? పల్చటి సంచులు మొదటిసారే దించుతుంటే అడుగు ఊడింది, నెత్తురు నీళ్లు మెట్ల మీద కారాయి. మెట్లన్నీ క్రిములను చంపే హైపో ద్రావణంతో కడిగి, మందపాటివి తెప్పించాం.

ఎర్ర సంచి గురించి ఒక్క మాట. దీన్ని కాల్చరు, ఆవిరిలో శుద్ధి చేసి, ముక్కలు చేసి, మళ్లీ ప్లాస్టిక్ తయారీకి పంపుతారు. అందుకే దాని మీద బయట కూడా కన్ను ఉంటుంది. నేను ప్రతి సంచి బరువు రిజిస్టర్‌లో రాస్తాను. ఒక వారం సెలైన్లు ఎప్పటిలాగే ఎక్కుతున్నా ఎర్ర సంచి బరువు సగానికి పడిపోయింది. ఆరా తీస్తే రాత్రి పూట సెలైన్ బాటిళ్లు, గొట్టాలు తుక్కు కొట్టుకు పోతున్నాయని తెలిసింది. ఇంకొందరు ఖాళీ బాటిల్ అడిగి మరీ తీసుకెళ్తారు, మొక్కలకు బొట్టుబొట్టుగా నీళ్లు పెట్టుకోవడానికి. వాళ్లకు నచ్చజెప్పి ఇవ్వడం మానేశాం. ఇప్పుడు బాటిల్‌కు, గొట్టానికి కత్తెర వేసి గానీ ఎర్ర బుట్టలో వేయం. నెల రోజుల్లో బరువు మళ్లీ సరిపోయింది. బరువు రాయడం బండివాళ్ల కోసమే అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం అది మా ఆస్పత్రి నాడి చూసినట్టు ఉంటుంది.

బండి సర్వీసు సంగతికి వస్తే, మొదటి నెలల్లో నేను చాలా విసిగిపోయాను. రెండు రోజులకోసారి రావాలి. రక్తపు దూది, మాయ లాంటివి 48 గంటలు మించి నిల్వ ఉంచకూడదు. కాన్పుల ఆస్పత్రికి ఆ 48 గంటలు ఎంత ముఖ్యమో బయటివాళ్లకు తెలియదు. ప్రతి కాన్పుకూ ఒక మాయ. కొందరు అమ్మమ్మలు మాయను తమకే ఇవ్వమని అడుగుతారు, ఇంటికాడ బొంద పెట్టుకుంటామని. ఒక తండా పెద్దమ్మ నా చేతులు పట్టుకుని, "బిడ్డా, అది గూడ మా పిల్లదే గద, చెత్తల ఎట్లేస్తరు" అంది. ఆమె మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది. మాయ మనిషి శరీర భాగం కిందికే వస్తుంది, నిబంధన ప్రకారం పసుపు సంచిలోనే పోవాలి. దారిలో సంచి కారితే, కుక్కలు తవ్వితే ఊరికి ఎంత కష్టమో కూర్చోబెట్టి చెప్పాను. వేరే సంచిలో, విడిగా పెట్టి, కాల్చే చోటికే పంపిస్తామని మాటిచ్చాను. అప్పుడు ఒప్పుకుంది. మాయలను ఇప్పటికీ దూదితో కలపకుండా విడి సంచిలోనే పెడతాం.

అలాంటి మాట ఇచ్చిన మేము, దసరాకు బండి వరసగా మూడు రోజులు రాకపోతే ఏం చేయాలి? ఫోన్ చేస్తే డ్రైవర్ ఊరెళ్లాడన్నారు. ఐదు మాయలు. ఒక పాత ఫ్రిజ్ ఖాళీ చేసి, రెండేసి సంచుల్లో కట్టి, తేదీలు రాసి అందులో పెట్టి తాళం వేశాం. గడువు దాటితే కారణం రాసి అధికారులకు తెలియజేయాలి కాబట్టి డాక్టరమ్మ కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరం రాసింది, ఒక కాపీ బండి సంస్థకు కూడా పంపింది. ఆ ఉత్తరం పనిచేసింది. తర్వాత సంక్రాంతికి ముందే ఫోన్ చేసి, పండగ రోజు బదులు ముందురోజు వస్తామని వాళ్లే చెప్పారు, వచ్చారు.

ఇంకొకసారి బండి దాకా నేనే దిగి చూశాను. పసుపు, ఎర్ర సంచులు రెండూ ఒకే అరలో విసిరేస్తున్నాడు ఆ అబ్బాయి. చేతులకు గ్లౌజులు లేవు, కాళ్లకు రబ్బరు చెప్పులు. మేం మంచం దగ్గర నుంచి ఇంత జాగ్రత్తగా వేరు చేసింది గేటు దగ్గర కలిసిపోతే మా ఆయమ్మకు నేను ఏం సమాధానం చెప్పాలి? ఆ రోజు సంచులు ఇవ్వలేదు. ఆ అబ్బాయిని ఏమీ అనలేదు, వాళ్ల సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. పిల్లవాడికి గ్లౌజులు, బూట్లు ఇచ్చి, అరలు వేరుగా ఉన్న బండి పంపితేనే ఇస్తానన్నాను. మర్నాడు సాయంత్రానికి వేరే బండి వచ్చింది. అప్పటి నుంచి అదే వస్తోంది. అబ్బాయి ఇప్పుడు గ్లౌజులు తొడుక్కునే దిగుతాడు, ప్రతి సంచినీ తూకానికి తగిలించి, బార్‌కోడ్ స్కాన్ చేసి, బరువు చదివి నాకు చూపిస్తాడు. మొన్న నేను రాసిన అంకెకూ అతని మెషీన్‌కూ రెండు వందల గ్రాములు తేడా వస్తే, "అక్కా, ఇంకోసారి జోకుదాం" అని తనే మళ్లీ తూచాడు. సంస్థకు మార్కులు వేయమంటే పదికి ఆరు వేస్తాను. ఆ తమ్ముడికి పదికి పది.

పడకకు రోజుకు ఇంత అని డబ్బు కడుతున్నాం కాబట్టి అడిగే హక్కు మనకుంది. చిన్న ఆస్పత్రులవాళ్లు చాలామంది అడగరు, అడిగితే బండి మానేస్తారేమోనని భయపడతారు. నిబంధనలు బండి సంస్థకూ వర్తిస్తాయి. కాబట్టి బరువుల రిజిస్టర్, బండి రాని తేదీలు రాసి ఉంచుకోండి. మా ఫిర్యాదుకు బలం వచ్చింది ఆ తేదీల వల్లే.

ఇక మిగిలింది ఆయమ్మల గ్లౌజులు. మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజులు ఇచ్చాం. ప్రమాదం జరిగాక మొదట కొన్నది వాటినే. కానీ దొరికినవన్నీ మగవాళ్ల సైజు. మా ఆయమ్మ చేయి చిన్నది. వేళ్ల చివర్లు రెండంగుళాలు ఖాళీగా వేలాడతాయి, సంచి మూతి పట్టు దొరకదు, ముడి సరిగ్గా పడదు. నేను చూడనప్పుడు తీసేసి పల్చటివి వేసుకుంటోందని తెలుసు. కోప్పడలేను, ఆ గ్లౌజులతో నేనూ ఒక సంచి కట్టి చూశాను, నా వల్ల కాలేదు. నల్లగొండలో రెండు సర్జికల్ షాపుల్లో అడిగాను, తెప్పిస్తామన్నారు, నాలుగు నెలలైంది. ఆరున్నర సైజువి, మందపాటివి, దేవరకొండ, నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లో ఎక్కడైనా దొరుకుతున్నాయని తెలిస్తే దయచేసి షాపు పేరు చెప్పండి. నాలుగు జతలు కావాలి.